ఎడిన్‌బరా వెండి గరిటె: కొనేముందు ఒక్కసారి ఊది చూడండి

అందరికీ నమస్కారం. ఎడిన్‌బరాలో మా వీధి చివరి పాత సామాన్ల దుకాణం వాళ్లు ఈ మూడు వెండి వస్తువులు రెండు వారాలు వాడుకోమని ఇచ్చారు. చిన్న టాడీ గరిటె (టాడీ అంటే వేడి విస్కీ పానీయం) నన్నే ఉంచేసుకోమన్నారు, అది ముందే చెప్పేస్తున్నా. బరువులు, ధరలు డిస్క్రిప్షన్‌లో ఉన్నాయి.

వడ్డించడానికి వాడే ఈ పెద్ద చెంచాని ఇక్కడ హ్యాష్ స్పూన్ అంటారు. వెనక ముద్రలు చూడండి. మూడు బురుజుల కోట అంటే ఎడిన్‌బరా. ముళ్ల పువ్వు 1759 నుంచి వేసిన స్టెర్లింగ్ గుర్తు, అంటే 92.5 శాతం వెండి అని. రాజుగారి తల 1784లో మొదలైన పన్ను ముద్ర. సరే, ఇవి ఏ పుస్తకంలోనైనా దొరుకుతాయి.

నా ప్రాణమంతా ఈ కాడ చివర ఉన్న వంశ చిహ్నం మీదే. కెమెరా దగ్గరికి తెస్తున్నా. ఎద్దు తల, అటూ ఇటూ జెండాలు, పైన ‘హోల్డ్ ఫాస్ట్’, అంటే ‘గట్టిగా పట్టుకో’. స్కాట్లాండ్‌లోని మెక్లౌడ్ వంశం వాళ్ల గుర్తు ఇది. స్కాట్లాండ్‌లో నినాదం ఇలా చిహ్నానికి పైన ఉంటుంది, ఇంగ్లండ్‌లో మామూలుగా కింద. ఎద్దు నుదుటి మీద వెంట్రుకలు ఒక్కొక్కటీ విడిగా గీశాడు చెక్కినతను. గోరు పెడితే ఇప్పటికీ తగులుతోంది!

పోయినేడు ఆన్‌లైన్‌లో ఒక సూపు గరిటె కొన్నాను. ముద్రలన్నీ అరిగిపోయి ఉన్నాయి, చిహ్నం మాత్రం నిన్న చెక్కినట్టుంది. అనుమానమొచ్చి దాని మీద ఊదాను. ఆవిరి పట్టగానే కింద ఇంకో చిహ్నం మసగ్గా తేలింది. బొటనవేలితో నొక్కితే అక్కడ రేకులా వంగింది. పాత గుర్తు అరగదీసి కొత్తది చెక్కారన్నమాట. డబ్బు పోయినందుకు కాదు, నిజంగా కడుపు మండింది. మా అమ్మమ్మ పెళ్లి గిన్నెల మీద పేరు, ఊరు, తేదీ కొట్టించారు. ఆ పేరు ఎవరైనా అరగదీస్తే ఊరుకుంటామా?

చేపలు వడ్డించే ఈ మూడోదాని జాలీ బాగుంది కానీ, పాలిష్ పట్టీ పట్టీ చిహ్నం మాసిపోయింది. నేనైతే కొనను.

టాడీ గరిటె విస్కీ, వేడినీళ్లు, చక్కెర కలిపిన గిన్నెలోంచి గ్లాసులోకి పోసుకోవడానికి చేసింది. మా ఇంట్లో దాంతో నెయ్యి వడ్డిస్తున్నాం. సన్నటి పొడుగాటి కాడ, ఒక్క చుక్క బయట పడదు. రాత్రి కడిగి విభూతితో తుడుస్తున్నా, అమ్మ నేర్పినట్టే. చిహ్నం మీద మాత్రం రుద్దను.

హ్యాష్ స్పూన్ రేపు తిరిగి ఇచ్చేయాలి. నెలాఖరు దాకా ఎవరికీ అమ్మొద్దని చెప్పి వచ్చాను.