జాబితాలో లేని ప్రాసెస్‌ను మెమరీలో పట్టుకోవడం ఎలా?

అందరికీ నమస్కారం. ఒక కంప్యూటర్ మీద అనుమానం వచ్చిందనుకుందాం. అర్ధరాత్రి ఎవరూ వాడకపోయినా దాన్నుంచి డేటా బయటికి పోతోంది. టాస్క్ మేనేజర్ తెరిస్తే మాత్రం అన్నీ తెలిసిన పేర్లే. ఆ టెన్షన్‌లో చాలామంది మెషీన్ ఆఫ్ చేసేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. ర్యామ్‌లో ఉన్న సాక్ష్యం కరెంటుతో పాటే పోతుంది. ముందు మెమరీ మొత్తాన్ని ఒక ఫైల్‌గా కాపీ తీసుకోండి. మిగతాదంతా ఆ ఫైల్‌లోనే వెతుకుదాం.

అసలు ప్రాసెస్, అంటే నడుస్తున్న ప్రోగ్రామ్, ఎలా దాక్కుంటుంది? విండోస్‌లో ప్రతి ప్రాసెస్‌కీ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండె లాంటి భాగం) మెమరీలో ఈప్రాసెస్ అనే రికార్డు ఉంటుంది. చేతులు పట్టుకుని నిలబడ్డ పిల్లల్లాగా ఈ రికార్డులు తమ ముందువాడినీ వెనకవాడినీ పట్టుకుని ఉంటాయి. టాస్క్ మేనేజర్‌కి అందే పేర్లు ఈ వరుసలోంచి వచ్చినవే. మధ్యలో ఒకణ్ణి తప్పించి, అటూ ఇటూ ఉన్న ఇద్దరి చేతులూ కలిపేస్తే? వరుస ఎక్కడా తెగినట్టు కనిపించదు. ఆ ఒక్కడు మాత్రం లెక్కలోకి రాడు. జేమీ బట్లర్ రాసిన ఎఫ్‌యూ రూట్‌కిట్ (ప్రోగ్రామ్‌లను కనబడకుండా దాచే సాఫ్ట్‌వేర్) చేసి చూపించింది ఇదే. ఆయన 2004లో బ్లాక్ హ్యాట్ అనే సెక్యూరిటీ సదస్సులో ఈ పద్ధతిని వివరించారు.

వరుసలోంచి తీసేశాక కూడా ఆ ప్రాసెస్ ఎలా నడుస్తోంది? ఈ ప్రశ్న దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే దాన్ని పట్టుకునే దారి ఇక్కడే ఉంది. విండోస్ షెడ్యూలర్ సీపీయూ సమయాన్ని పంచేది ప్రాసెస్‌లకు కాదు, త్రెడ్‌లకు, అంటే ప్రాసెస్ లోపల నిజంగా పని నడిపే భాగాలకు. ఈప్రాసెస్ వరుసతో దానికి పనే లేదు. ఓటర్ల జాబితాలోంచి పేరు కొట్టేస్తే మనిషి ఊళ్లోంచి మాయమైపోడు కదా. ఇంట్లో కరెంటు మీటరు తిరుగుతూనే ఉంటుంది. మనం ఆ మీటర్లు, అంటే నడుస్తున్న ప్రాసెస్ మెమరీలో వదిలే ఆనవాళ్లు, చూడాలి.

మెమరీ కాపీని పరిశీలించే వోలటిలిటీ 2 టూల్‌లో పీఎస్‌లిస్ట్ అనే కమాండ్ ఆ వరుసనే నడుచుకుంటూ వెళ్తుంది కాబట్టి అదీ మోసపోతుంది. పీఎస్‌స్కాన్ అలా కాదు. అది వరుసను నమ్మకుండా, ఈప్రాసెస్ రికార్డులకు ఉండే పూల్ ట్యాగ్ (మెమరీ ముక్కకు విండోస్ వేసే చిన్న గుర్తు) కోసం మెమరీ అంతా గాలిస్తుంది. పీఎస్‌ఎక్స్‌వ్యూ ఈ రెండింటికీ ఇంకొన్ని సాక్ష్యాలు జోడిస్తుంది. దొరికిన త్రెడ్‌లు ఏ ప్రాసెస్‌వి? ఐడీల పట్టిక అయిన పీఎస్‌పీ‌సీఐడీ టేబుల్‌లో ఎవరున్నారు? విండోస్ సొంత ప్రాసెస్ అయిన సీఎస్‌ఆర్‌ఎస్‌ఎస్ దగ్గర ఎవరి హ్యాండిల్స్ (ఆ ప్రాసెస్‌ను అందుకునే పిడులు) ఉన్నాయి? ప్రతిదానికీ ఒక కాలమ్, అందులో ట్రూ లేదా ఫాల్స్.

నాకు బాధ కలిగించేది ఏమిటంటే, ఫాల్స్ కనబడగానే మాల్వేర్ దొరికిందని చెప్పేయడం నేర్పుతున్నారు. అది తప్పు. విండోస్‌కే చెందిన సిస్టమ్, ఎస్‌ఎమ్‌ఎస్‌ఎస్ ప్రాసెస్‌లు సీఎస్‌ఆర్‌ఎస్‌ఎస్ కంటే ముందే మొదలవుతాయి. కాబట్టి ఆ కాలమ్‌లో వాటికి ఫాల్స్ రావడం సహజం. పని ముగించుకుని వెళ్లిపోయిన ప్రాసెస్ రికార్డు మెమరీలో ఇంకా చెరిగిపోకపోతే, అది కూడా పీఎస్‌స్కాన్‌లో మాత్రమే కనిపిస్తుంది. అందుకే ఎగ్జిట్ టైమ్ (ప్రాసెస్ ముగిసిన సమయం) చూడకుండా ఎవరినీ దోషి అనకండి. మీ రిపోర్టు మీద ఒకరి ఉద్యోగం ఆధారపడి ఉండొచ్చు.

అవతలివాళ్లూ ఊరుకోలేదు. 2006లో వచ్చిన ఎఫ్‌యూటో అనే రూట్‌కిట్ ఆ ఐడీల పట్టికలోంచి కూడా పేరు తీసేసింది. పూల్ ట్యాగ్‌ను మార్చేస్తే మామూలు స్కాన్‌కీ దొరకదు. దీనికి 2009లో జార్జియా టెక్ పరిశోధకులు ఇచ్చిన జవాబు నాకు చాలా ఇష్టం. ఈప్రాసెస్‌లోని ఒక్కో ఫీల్డ్‌ను కావాలని పాడుచేసి, దేన్ని మారిస్తే సిస్టమ్ కూలిపోతుందో చూశారు. అలాంటి ఫీల్డ్‌ల ఆధారంగానే గుర్తింపు నమూనా తయారుచేశారు. దాక్కోవాలని వాటిని మారిస్తే మెషీనే ఆగిపోతుంది. ఇక దాక్కుని లాభమేముంది?

ఇప్పుడు మీ ముందు పీఎస్‌ఎక్స్‌వ్యూ ఫలితం ఉంది. ఒక లైనులో పీఎస్‌లిస్ట్ ఫాల్స్, పీఎస్‌స్కాన్ ట్రూ, త్రెడ్‌ల కాలమ్ కూడా ట్రూ. ఎగ్జిట్ టైమ్ ఖాళీ. ఇది నిజంగా పట్టించుకోవాల్సిన లైను. దాని పీఐడీ (ప్రాసెస్ నంబరు) ఇచ్చి, ప్రాసెస్‌ను ఫైల్‌గా బయటికి తీసే ప్రొక్‌డంప్‌ను అడిగితే దొరకలేదంటుంది, ఎందుకంటే అదీ ఆ వరుసలోనే వెతుకుతుంది. కంగారు పడకండి. పక్కనే ఉన్న ఫిజికల్ ఆఫ్‌సెట్ (మెమరీలో అది ఉన్న చోటు) రాసుకుని, పీఐడీకి బదులు దాన్ని ఇవ్వండి. ప్రాసెస్ బయటికొస్తుంది. అక్కణ్నుంచి దాని పేరెంట్ ఎవరో, ఏ ఐపీతో మాట్లాడుతోందో చూడటం మొదలుపెట్టండి.