ప్రొపెల్లర్ మీద మంచు
(చిత్రకళ విద్యార్థులకు విశాఖపట్నంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఆ ముందు లైటు ఆపేస్తారా? ఆ, చాలు.

తెర మీద బొమ్మ చూడండి. మంచు పడిన రైలు పట్టాల దగ్గర, ఒక వాగన్ మీద ఓడ ప్రొపెల్లర్. ఫిరంగి లేదు, మంటలు లేవు. ఈ బొమ్మ 1940 నాటిది. రెండో ప్రపంచ యుద్ధాన్ని బొమ్మలుగా గీసిపెట్టమని బ్రిటన్ ప్రభుత్వం జీతమిచ్చి పెట్టుకున్న మనిషి వేశాడు. పేరు ఎరిక్ రవీలియస్.

1903లో లండన్‌లో పుట్టాడు, ఈస్ట్‌బోర్న్ అనే సముద్రపు ఊళ్లో పెరిగాడు. యుద్ధానికి ముందు చెక్క మీద చెక్కి అచ్చులు తీసేవాడు, వెడ్జ్‌వుడ్ కంపెనీ కప్పులకి, పళ్లాలకి డిజైన్లు ఇచ్చేవాడు, సుద్దకొండల్ని నీటిరంగుల్లో వేసేవాడు. టీకప్పు మీద బొమ్మలేసే ఆయన్ని తీసుకెళ్లి నేవీకి అప్పగించారన్నమాట.

ఎందుకంటే, 1939 చివర్లో అక్కడ యుద్ధ చిత్రకారుల కమిటీ ఒకటి పెట్టారు. నడిపింది నేషనల్ గ్యాలరీ డైరెక్టర్ కెనెత్ క్లార్క్. యుద్ధానికి చిత్రరూపంలో రికార్డు ఉండాలన్నది పైకి చెప్పిన కారణం. క్లార్క్ మనసులో ఇంకోటి ఉంది: ఈ వంకతోనైనా నాలుగు మంచి కుంచెలు ప్రాణాలతో మిగలాలని. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

రవీలియస్‌కి రాయల్ మెరైన్స్‌లో గౌరవ కెప్టెన్ హోదా ఇచ్చి, యూనిఫాం వేసి, 1940 ఫిబ్రవరిలో చాథమ్ నౌకాకేంద్రానికి పంపారు. ప్రొపెల్లర్ బొమ్మ ఆ చలికాలానిదే. అందులో మంచు ఎలా వేశాడో చెప్పండి. వేయలేదు! కాగితాన్ని వదిలేశాడు. మీలో సగం మంది చివర్లో తెల్ల పోస్టర్ కలర్ డబ్బా తీస్తారు, నాకు తెలుసు. ఈయన ఎక్కడ రంగు పెట్టకూడదో ముందే తేల్చుకుని కూర్చునేవాడు. తడి తక్కువున్న కుంచెతో, పక్కపక్కనే సన్నటి గీతలు. చెక్క చెక్కిన చెయ్యి కదా, ఉలి అలవాటు కుంచెలోకి వచ్చేసింది.

తర్వాతి బొమ్మ. విట్‌స్టబుల్ ఊరి దగ్గర, నీళ్లు వెనక్కి తీసిన సముద్రతీరం. ఆ మనుషులు జర్మన్ మైన్‌ని, అంటే ఓడల్ని పేల్చడానికి నీళ్లలో వదిలే బాంబుని, పనికిరాకుండా చేయడానికి వెళ్తున్నారు. అప్పట్లో జర్మన్లు అయస్కాంత మైన్లు జారవిడిచేవారు. ఓడ తగలక్కర్లేదు, దాని ఇనుము పైనుంచి పోతే చాలు, పేలుతుంది. 1939 నవంబర్‌లో మొదటిసారి ఒకదాన్ని విప్పినప్పుడు ఇత్తడి పనిముట్లు చేయించుకుని వెళ్లారు. ఇంత టెన్షన్ ఉన్న పనిని ఈయన ఎంత నిమ్మళంగా వేశాడో చూడండి. ‘పోటు తీసినప్పుడు ప్రమాదకరమైన పని’ అని పేరు పెట్టాడు కాబట్టి సరిపోయింది, లేకపోతే గవ్వలు ఏరుకునే వాళ్లనుకుంటాం.

1940 మేలో ‘హైలాండర్’ అనే డిస్ట్రాయర్, అంటే పెద్ద ఓడలకి కాపలాగా వెళ్లే యుద్ధనౌక, ఎక్కి నార్వే వైపు, ఆర్కిటిక్ దాకా వెళ్లాడు. అర్ధరాత్రి కూడా సూర్యుడు దిగని చోటు. అక్కడ ‘గ్లోరియస్’ అనే విమానవాహక నౌకని వేశాడు. ఇదిగో, ఇదే. దూరంగా ఓడ, పైన విమానాలు, నీళ్ల మీద పరుచుకున్న వెలుగు. పిక్నిక్‌కి వెళ్లొచ్చినట్టుంది.

ఆ ఏడాది జూన్ 8న షార్న్‌హోర్స్ట్, గ్నీసెనౌ అనే జర్మన్ యుద్ధనౌకలు గ్లోరియస్‌ని ముంచేశాయి. తోడుగా ఉన్న అకాస్టా, ఆర్డెంట్ అనే డిస్ట్రాయర్లు కూడా మునిగాయి. మూడింటిలో కలిపి 1500 మందికి పైగా పోయారు. బతికింది 40 మంది దాకా.

ఈ బొమ్మ ముందు నాకు ఎప్పుడూ కాస్త ఇబ్బందిగానే ఉంటుంది. ఆయనకి ఆ ప్రయాణం చాలా నచ్చింది, ఇంటికి రాసిన ఉత్తరాల్లో ఆ సంతోషం దాచుకోలేదు. యుద్ధంలో ఇంత హాయేమిటని తిట్టేవాళ్లున్నారు. నేనూ ఒకప్పుడు తిట్టాను. ఇప్పుడు తిట్టను. ఆ వెలుగు అలాగే ఉంది, ఓడలో వాళ్లూ అదే చూసి ఉంటారు. జరగబోయేది తెలిసినట్టు మబ్బులు కమ్మించి ఉంటే, అది అబద్ధమయ్యేది.

అదే వేసవిలో గాస్‌పోర్ట్‌లో సబ్‌మెరైన్లలోకి దిగాడు. మన ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా పెట్టిన కుర్సురా సబ్‌మెరైన్ లోపలికి వెళ్లినవాళ్లకి ఆ ఇరుకు నేను చెప్పక్కర్లేదు. గుండ్రటి తలుపుల్లోంచి నడుం వంచి దూరాలి, నెత్తిన పైపులు, పక్కన చక్రాలు, బంకుల్లో కాళ్లు చాపుకోవడమే గొప్ప. అలాంటి చోట స్కెచ్‌లు వేసుకుని, పది లితోగ్రాఫ్‌లు, అంటే అచ్చు తీసే బొమ్మలు, చేశాడు: పెరిస్కోప్‌లోంచి చూస్తున్న కమాండర్, డైవర్, ఆఫీసర్ల గది. అచ్చు ఖర్చు కమిటీ పెట్టనంది. సొంత డబ్బుతో 1941లో వేయించాడు. ఆయన యుద్ధచిత్రాల్లో మనుషులకి ఇంత దగ్గరగా వెళ్లినవి నాకు ఇవే కనిపించాయి. చోటు లేదు కదా, దూరం ఎక్కణ్ణుంచి వస్తుంది!

1942 ఆగస్టు ఆఖర్లో ఐస్‌లాండ్ బయల్దేరాడు. ఇంట్లో భార్య టర్జా, ఆవిడా చిత్రకారిణే, అప్పటికే క్యాన్సర్ ఆపరేషన్ అయి ఉంది. ముగ్గురు పిల్లలు. సెప్టెంబర్ 1న కాల్డడార్నెస్ వైమానిక స్థావరం చేరాడు. ఆ రోజే ఒక హడ్సన్ విమానం తిరిగి రాలేదు. మర్నాడు తెల్లారే దాన్ని వెతకడానికి మూడు విమానాలు వెళ్లాయి. ఒకదాంట్లో ఈయన ఎక్కాడు. అది తిరిగి రాలేదు. నాలుగు రోజులు వెతికి ఆపేశారు. వయసు 39.

క్లార్క్ కాపాడదామనుకున్న వాళ్లలో, విధుల్లో ఉండగా మొదట పోయింది ఈయనే.

ఒక్క మాట. అదే 1942లో, ఏప్రిల్ 6న, జపాన్ విమానాలు మన విశాఖ రేవు మీద బాంబులు వేశాయి. ఆ రోజు రేవు ఎలా ఉందో చూపించే నీటిరంగుల బొమ్మ ఒక్కటి కూడా నా కంటపడలేదు. ఎక్కడైనా, ఎవరింట్లోనైనా ఉంటే నాకు చూపించండి, ఎంత దూరమైనా వస్తాను.

శనివారం కుర్సురాకి వెళ్తున్నాం. రంగుల పెట్టెలు తేకండి, లోపల మోచెయ్యి తిప్పే చోటు కూడా ఉండదు. చిన్న ప్యాడ్, ఒక పెన్సిల్ చాలు. టార్పెడో గదిలో ఒకేసారి ముగ్గురికి మించి నిలబడకండి, వెనక వచ్చేవాళ్లకి దారివ్వండి.