‘సారీ చెప్పు, షేక్‌హ్యాండ్ ఇవ్వు’ అంటే సరిపోతుందా?

[దృశ్యం: మధ్యాహ్న భోజనం వరుస. మూడో తరగతి బాబు పళ్లెం పట్టుకుని వెనక్కి జరుగుతున్నాడు.]

వీడు ముందే వచ్చి నిలబడ్డాడు. అయినా ఇద్దరు పిల్లలు రోజూ "ఒరేయ్ పొట్టోడా" అంటూ వెనక్కి తోసేస్తారు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుతారు. టీచర్‌కి చెబితే వచ్చే జవాబు మనలో చాలామంది విన్నదే: "చాడీలు చెప్పకు, పోయి కూర్చో."

రెండు మూడు తరగతులు ఒక్కరే చూసుకునే చోట ఆ విసుగు అర్థమవుతుంది. కానీ ఇక చెప్పినా లాభం లేదని ఆ పిల్లాడికి, అడిగేవాళ్లు లేరని తోసినవాళ్లకు ఆ ఒక్క మాటతో తెలిసిపోతుంది.

కొందరు టీచర్లు పట్టించుకుంటారు. అందరి ముందూ నిలబెట్టి సారీ చెప్పిస్తారు. బడి వదిలాక దారిలో మళ్లీ మొదలు: "టీచర్‌కి చెప్తావారా?" రెండు తగిలించినా ఇంతే. పైగా పిల్లల్ని కొట్టడాన్ని 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది.

ఒకసారి జరిగిన కొట్లాటకు రాజీ చేయొచ్చు. బలమున్నవాళ్లు ఒకే పిల్లాణ్ని పదేపదే ఏడిపిస్తుంటే మాత్రం రాజీ పనికిరాదు.

[దృశ్యం: ఫిన్లాండ్ మ్యాప్]

బడిలో ఇలా ఏడిపించడాన్ని ఆపడానికి ఫిన్లాండ్‌లో తుర్కు యూనివర్సిటీ రూపొందించిన ‘కివా’ పద్ధతి 2009 నుంచి దేశమంతటా బడుల్లోకి వెళ్లింది. చూస్తూ నిలబడ్డ పిల్లల్ని కూడా అది లెక్కలోకి తీసుకుంటుంది. నాకు బాగా నచ్చింది ఇదే. ఏడిపించేవాడికి ఊపునిచ్చేది పక్కవాళ్ల నవ్వే కదా!

ముందు బాధపడ్డ పిల్లాడితో విడిగా మాట్లాడతారు. తర్వాత ఏడిపించినవాళ్లను ఒక్కొక్కరిగా పిలుస్తారు. తరగతిలో అందరూ ఇష్టపడే కొందరితో "వాడికి తోడుగా ఉండండి" అని చెబుతారు. కొన్నాళ్లకు మళ్లీ కూర్చోబెట్టి, ఆగిందా లేదా చూస్తారు.

ఇందులో చాలావరకు మన బడిలోనూ పైసా ఖర్చు లేకుండా చేయొచ్చు. "ఎందుకు చేశావ్?" అని గద్దిస్తే పిల్లాడు అబద్ధం వెతుక్కుంటాడు. "వాడు చాలా బాధపడుతున్నాడు. రేపట్నుంచి నువ్వేం చేస్తావ్?" అంటే ఆలోచిస్తాడు.

కులం, రంగు, అమ్మానాన్నలు చేసే పని పట్టుకుని పేర్లు పెడుతుంటే "చిన్నపిల్లలు కదా" అని వదిలేయకండి. ఆ రోజే హెడ్‌మాస్టర్‌కి చెప్పండి, తల్లిదండ్రుల్ని పిలిపించండి. బడిలో ఎవరూ వినకపోతే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 ఉందని పిల్లలకు తెలియాలి.

వారం తర్వాత "అంతా బాగుందా?" అంటే ఏ పిల్లాడైనా తలూపేస్తాడు. "నిన్న ఆటల పీరియడ్‌లో ఎవరితో ఆడావ్?" అని అడగండి. పేరు చెప్పలేకపోతే, ఏడిపించినవాళ్లను మళ్లీ విడివిడిగా పిలవాల్సిందే.