నూటికి పదిహేడు రూపాయల వడ్డీ: చిన్న జీతంతో లోన్ యాప్ అప్పుల నుంచి బయటపడటం

నమస్కారం. జీతం వచ్చేదాకా గడవడానికని ఒక యాప్‌లో పది వేలు తీసుకుని, జీతం రాగానే అది అప్పుకే పోయి, మళ్లీ ఇంకో యాప్ తెరవాల్సి వచ్చినవారి కోసం ఈ వీడియో. ఖర్చులు తగ్గించుకోండి, అనవసరమైనవి కొనకండి అని చెప్పడానికి నేను రాలేదు. పద్దెనిమిది వేల జీతంతో ఇల్లు నడిపే మనిషికి పొదుపు గురించి ఎవరూ పాఠాలు చెప్పనక్కరలేదు. ఆ ఇంట్లో ప్రతి రూపాయికీ ముందే ఒక పని రాసిపెట్టి ఉంటుంది. చెప్పాల్సింది ఆ అప్పు నడిచే తీరు గురించి.

ఫోను తీసి, మీకు అప్పు మంజూరైన రోజు బ్యాంకు నుంచి వచ్చిన మెసేజ్ వెతకండి. యాప్‌లో పది వేల రుణం అని ఉంటుంది. బ్యాంకు మెసేజ్‌లో మాత్రం 8,820 రూపాయలు జమ అయినట్టు ఉంటుంది. ప్రాసెసింగ్ ఫీజు వెయ్యి, దాని మీద 18 శాతం జీఎస్టీ 180, రెండూ ముందే కోసుకున్నారు. ముప్పై రోజుల తర్వాత మీరు కట్టాల్సింది 10,300. ఇవి ఉదాహరణకు చెప్పిన అంకెలు, మీ అంకెలు వేరుగా ఉంటాయి, లెక్క మాత్రం ఇదే. చేతికి వచ్చింది 8,820, తిరిగి ఇచ్చేది 10,300. తేడా 1,480. అంటే నెలకు నూటికి దాదాపు పదిహేడు రూపాయల వడ్డీ.

ఇప్పుడు ఆలోచించండి. ఊళ్లో ఎవరైనా నూటికి ఐదు రూపాయల వడ్డీకి ఇస్తానంటే ఏమంటాం? అన్యాయం అంటాం, రక్తం తాగుతున్నాడు అంటాం. అదే మనం పదిహేడు రూపాయల వడ్డీకి వేలిముద్ర వేసి ఒప్పుకుంటున్నాం. యాప్‌లో పెద్ద అక్షరాలతో కనిపించేది రోజుకు పది రూపాయలే అన్న మాట. ఫీజు మాత్రం పక్కన ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంటుంది. అందుకే ఏ అప్పునైనా మనకు తెలిసిన భాషలోకి, అంటే నూటికి నెలకు ఎన్ని రూపాయలు అన్నదానిలోకి మార్చి చూడండి. కోసుకున్న ఫీజును కూడా వడ్డీ కిందే వేయండి.

ఇంతటితో అయిపోతే, ఒక నెల నష్టపోయాం అనుకుని వదిలేయవచ్చు. అసలు నష్టం తిప్పడంలో ఉంది. ఈ నెల కట్టలేక మరో యాప్‌లో తీసుకుని దీన్ని కట్టారు. పై నెల మళ్లీ అంతే. తిప్పిన ప్రతిసారీ ఫీజు కొత్తగా పడుతుంది. ఆరుసార్లు తిప్పితే 1,480 చొప్పున 8,880 రూపాయలు. మొదట్లో మీ చేతికి వచ్చిందే 8,820. తీసుకున్నదాని కంటే ఎక్కువ కట్టేశారు, అసలు మాత్రం చెక్కుచెదరకుండా అలాగే ఉంది. కాబట్టి నేను గట్టిగా చెప్పేది ఒక్కటే. తిప్పడం ఆగాలి. అది ఆగనంత వరకు మీరు ఎంత కష్టపడి కట్టినా ఫీజులకే పోతుంది.

ఎలా ఆపాలి? ఒక ఇంటి లెక్క చూద్దాం. జీతం 18,000. అద్దె, సరుకులు, కరెంటు, పిల్లల బడి, రాకపోకలు అన్నీ కలిపి 13,500. మిగిలేది 4,500. అప్పులు మూడు. మొదటిది ఇందాక చెప్పుకున్న 10,300. రెండోది ఇంకో యాప్‌లోది, చేతికి 5,200 వచ్చింది, నెల తర్వాత 6,200 కట్టాలి. మూడోది 15,000, ఆరు వాయిదాల్లో నెలకు 2,900. చాలామంది భయపడేది మూడోదాన్ని చూసి, ఎందుకంటే అది పెద్ద మొత్తం. వడ్డీ లెక్కన చూస్తే అది నూటికి నాలుగున్నర రూపాయల లోపే. రెండోది పంతొమ్మిది రూపాయలు దాటింది. పెద్ద అప్పు ఏదన్నది కాదు, త్వరగా తిరిగి వచ్చే అప్పు ఏదన్నది చూడాలి. నెలకోసారి మీద పడే ఆ రెండే ముందు పోవాలి.

ఆ రెండింటినీ తిప్పుతూ పోతే నెలకు 2,480 ఫీజులకే. దానికి 2,900 వాయిదా కలిపితే 5,380. మిగిలేది 4,500 కదా! అంటే ఆ ఇంటివారు ఎంత జాగ్రత్తగా ఉన్నా అప్పు నెలనెలా పెరుగుతూనే ఉంటుంది. ఇది వాళ్ల క్రమశిక్షణ లోపం కాదు. దయచేసి ఇంట్లో ఒకరినొకరు నిందించుకోకండి.

ఇప్పుడు ఆ రెండింటికీ కావలసిన 16,500 రూపాయలు నూటికి రూపాయి వడ్డీకి దొరికాయనుకోండి. నెల వడ్డీ 165 రూపాయలతో మొదలై తగ్గుతూ వస్తుంది. మూడో అప్పు వాయిదా పోగా మిగిలిన 1,600 దీనికి కడుతూ, ఆరు నెలలకు మూడోది తీరాక మొత్తం 4,500 ఇటు మళ్లిస్తే, ఎనిమిదో నెలలో అన్నీ తీరిపోతాయి. జీతం ఒక్క రూపాయి పెరగలేదు. అప్పు స్వభావం మారింది, అంతే.

రూపాయి వడ్డీకి ఎవరు ఇస్తారు అని మీరు అడుగుతారు. మొదటి చోటు బంగారం. ఇంట్లో ఉంగరమో, చెవిదుద్దులో ఉంటే బ్యాంకులో తాకట్టు పెట్టండి. బంగారం కుదువ పెట్టడం చాలా ఇళ్లలో తలవంపుగా భావిస్తారు, నాకు తెలుసు. కానీ బీరువాలో దుద్దులు పెట్టుకుని పదిహేడు రూపాయల వడ్డీ కట్టడం కంటే, ఏడాది పాటు వాటిని బ్యాంకులో ఉంచడం వెయ్యి రెట్లు నయం. గడువు తేదీ మాత్రం గుర్తుపెట్టుకోవాలి, దాటితే వేలం వేస్తారు. రెండో చోటు మహిళా సంఘం. సంఘానికి బ్యాంకు ఇచ్చే లింకేజీ రుణం గానీ, సంఘాల సహకార సంస్థ స్త్రీనిధి ఇచ్చేది గానీ యాప్ వడ్డీతో పోల్చడానికే వీల్లేనంత తక్కువ. అయితే అక్కడ మీరు కట్టకపోతే తోటి సభ్యుల మీద పడుతుంది, కాబట్టి కట్టగలనన్న లెక్క తేలాకే అడగండి. ఇప్పటికే చీటీ కడుతున్నవారు పాట పాడేసుకోవచ్చు. పాటలో పోయేదాన్నీ, యాప్‌లో ఎన్ని నెలలు తిప్పితే ఎంత పోతుందో దాన్నీ పక్కపక్కన రాసి చూడండి. పనిచేసే చోట జీతం మీద అడ్వాన్సు అడగవచ్చు. అన్నయ్యనో, పిన్నినో అడగవచ్చు, కానీ కాగితం మీద రాసి, నెలకు ఎంత ఇస్తారో చెప్పి అడగండి.

ఇవేవీ లేని ఇళ్లు ఉంటాయి. వారికి దారి కొంచెం కఠినం. గడువుకు ముందే అప్పిచ్చిన సంస్థకు ఈమెయిల్ రాయండి. ఫోనులో చెప్పిన మాటకు సాక్ష్యం ఉండదు. ఇలా రాయవచ్చు: “నా జీతం ఇంత, ఈ నెల పూర్తి మొత్తం కట్టలేను, నెలకు 1,600 చొప్పున కట్టగలను, దయచేసి వాయిదాలుగా మార్చండి.” వాళ్లు ఒప్పుకుని తీరాలన్న నిబంధన లేదు. అయినా రాసి ఉండటం తర్వాత మీకు పనికొస్తుంది. ఒప్పుకోకపోతే, ఉన్న డబ్బును అందరికీ తలా కాస్త పంచకండి. వడ్డీ ఎక్కువ ఉన్న చిన్నదాన్ని పూర్తిగా మూసేయండి. గడువు పొడిగింపు ఫీజు మాత్రం కట్టవద్దు. అసలులో ఒక్క రూపాయి కూడా తగ్గించని డబ్బు అది.

కట్టకపోతే జైలే అని బెదిరిస్తారు. అప్పు తీర్చలేకపోవడం దానంతట అది నేరం కాదు. అయితే ఒక విషయం దాచకుండా చెప్పాలి. ఖాతా నుంచి ఆటోమేటిక్‌గా డబ్బు తీసుకోవడానికి మీరు ఇచ్చిన అనుమతి, దాన్ని మ్యాండేట్ అంటారు, డబ్బు లేక బౌన్స్ అయితే 2007 నాటి పేమెంట్ అండ్ సెటిల్‌మెంట్ సిస్టమ్స్ చట్టం 25వ సెక్షన్ కింద, చెక్ బౌన్స్ తరహాలో కేసు వేయవచ్చు. దానికి ముందు రాతపూర్వక నోటీసు ఇవ్వాలి, నోటీసు అందాక కట్టడానికి 15 రోజులు ఉంటాయి. కాబట్టి అలాంటి నోటీసు వస్తే పక్కన పడేయకండి, న్యాయవాదికి చూపించండి. ఖర్చు భరించలేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. వాట్సాప్‌లో వచ్చే అరెస్టు వారెంట్ల బొమ్మలకు మాత్రం భయపడనవసరం లేదు.

వేధింపుల సంగతికి వస్తే నాకు నిజంగా కోపం వస్తుంది. 2020 చివర్లో తెలంగాణలో కొందరు ఈ యాప్‌ల వేధింపులు తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్నారు. పోలీసులు కాల్ సెంటర్ల మీద దాడులు చేసి అరెస్టులు చేశారు. ఆ తర్వాతే, 2022 సెప్టెంబర్‌లో రిజర్వు బ్యాంకు డిజిటల్ రుణాలకు మార్గదర్శకాలు ఇచ్చింది, 2025 మేలో వాటిని మరింత సమగ్రం చేసింది. వాటి ప్రకారం యాప్ మీ ఫోనులోని కాంటాక్టులు, కాల్ వివరాలు, ఫొటోల ఫైళ్లు చూడకూడదు. ఫీజులన్నీ కలిపిన ఏడాది వడ్డీ శాతం చూపే పత్రం ముందే ఇవ్వాలి. తీసుకున్నాక కనీసం ఒక రోజు, అపరాధ రుసుము లేకుండా అప్పు వెనక్కి ఇచ్చేసే అవకాశం ఉండాలి. రిజర్వు బ్యాంకు ఇతర నిబంధనల ప్రకారం, వసూలు ఏజెంట్లు ఉదయం 8 గంటలకు ముందు, రాత్రి 7 దాటాక ఫోను చేయకూడదు. ఆలస్యానికి వేసే రుసుమును అసలులో కలిపి దాని మీద మళ్లీ వడ్డీ వేయకూడదు.

ఇవి తప్పితే ముందు ఆ సంస్థ ఫిర్యాదుల అధికారికి రాయండి. 30 రోజుల్లో సరైన జవాబు రాకపోతే, బ్యాంకులు, ఫైనాన్స్ సంస్థల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు, సమాచారానికి ఫోను నంబర్ 14448. యాప్ వెనక ఏ బ్యాంకు గానీ, రిజిస్టరైన ఫైనాన్స్ సంస్థ గానీ లేకపోతే, లేదా ఫొటోలు మార్ఫింగ్ చేస్తామని బెదిరిస్తే, అది నేరుగా పోలీసుల పని, సైబర్ నేరాల సహాయ నంబర్ 1930కి ఫోను చేయండి. స్క్రీన్‌షాట్లు, కాల్ రికార్డింగులు చెరిపేయకండి.

బెదిరింపుకు ఉన్న బలమంతా మనం దాచడంలోనే ఉంది. అందుకే వాళ్ల కంటే ముందు మీరే చెప్పేయండి. బంధువులకు ఒక మెసేజ్ చాలు: “నేను ఒక యాప్‌లో అప్పు తీసుకున్నాను, తీరుస్తున్నాను. నా పేరుతో ఎవరైనా ఫోను చేసినా, ఫొటోలు పంపినా నమ్మవద్దు, డబ్బు కట్టవద్దు, ఆ నంబర్ నాకు పంపండి.” ఈ నాలుగు మాటలు పంపడానికి చెయ్యి వణుకుతుంది. పంపాక వాళ్ల చేతిలో ఆయుధం ఉండదు. మనసు మరీ బరువెక్కి, బతకడం ఎందుకనిపిస్తే 14416కి ఫోను చేయండి, అది ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం, తెలుగులో మాట్లాడతారు. పది వేల కోసం, లక్ష కోసం ఎవరూ పోకూడదు.

కొన్ని చిన్న జాగ్రత్తలు. మీ అప్పులన్నీ మేం తీర్చేస్తాం, ముందు ఫీజు కట్టండి అనేవారికి ఒక్క రూపాయి ఇవ్వకండి. డబ్బు అప్పిచ్చిన సంస్థ ఖాతాకే కట్టండి, ఏజెంటు సొంత యూపీఐకి కాదు. తగ్గించి సెటిల్ చేస్తామంటే ఒప్పుకోవచ్చు, కానీ మీ అప్పుల చరిత్ర చూపే క్రెడిట్ నివేదికలో అది సెటిల్డ్ అని పడి, తర్వాత బ్యాంకు రుణం అడిగినప్పుడు అడ్డు వస్తుంది. వీలైతే పూర్తిగా కట్టి క్లోజ్డ్ అని రాయించుకోవడమే మంచిది.

చివరి వాయిదా కట్టిన రోజే, బాకీ ఏమీ లేదని తెలిపే నో డ్యూస్ పత్రం అడిగి తీసుకోండి, బ్యాంకులో మ్యాండేట్ రద్దు చేయించండి, ఆ తర్వాతే యాప్ తీసేయండి. రెండు నెలలు ఆగి క్రెడిట్ నివేదిక చూసుకోండి. ఈ నివేదికలు తయారుచేసే ప్రతి క్రెడిట్ బ్యూరో ఏడాదికి ఒకసారి పూర్తి నివేదికను ఉచితంగా ఇవ్వాలి. తీరిన అప్పు అందులో ఇంకా బాకీగానే కనిపిస్తే, ఆ నో డ్యూస్ పత్రం జతచేసి ఫిర్యాదు పెట్టండి. 30 రోజుల్లో పరిష్కరించకపోతే, ఆ తర్వాత ప్రతి రోజుకూ 100 రూపాయల చొప్పున, ఆలస్యం చేసినవాళ్లే, అంటే అప్పిచ్చిన సంస్థ గానీ, బ్యూరో గానీ, మీకు పరిహారం ఇవ్వాలి.