ఇంజిను ఎవరిది?

శ్రోతలకు నమస్కారం.

ఒంగోలు నుంచి చిలకలూరిపేట వైపు హైవే మీద వెళ్తుంటే కొరిసపాడు దగ్గర రోడ్డు తీరు మారిపోతుంది. సిమెంటు కాంక్రీటుతో, వెడల్పుగా, తాడు పట్టి గీసినట్టు తిన్నగా నాలుగు కిలోమీటర్ల పైచిలుకు సాగుతుంది. అత్యవసరమైతే వాయుసేన విమానాలు దిగడానికి కట్టిన రన్‌వే అది. 2024 మార్చి 18న అక్కడ రిహార్సల్ జరిగింది. సుఖోయ్-30, హాక్ జెట్లు బాగా కిందికి దిగి, నేల తాకకుండానే మళ్ళీ పైకి లేచాయి. ఏఎన్-32, డోర్నియర్ అనే రెండు రవాణా విమానాలు మాత్రం నిజంగానే దిగి, తిరిగి ఎగిరి వెళ్ళాయి.

ఆ నాలుగు విమానాలూ ఎక్కడ పుట్టాయో చూడండి. సుఖోయ్ డిజైను రష్యాది. హాక్ బ్రిటన్‌ది. ఏఎన్-32 సోవియట్ కాలంలో ఉక్రెయిన్‌లో తయారైంది. డోర్నియర్ జర్మనీది. వీటిలో మూడింటిని మన ప్రభుత్వ విమానాల కంపెనీ హెచ్.ఏ.ఎల్. లైసెన్సు తీసుకుని నాసిక్, బెంగళూరు, కాన్పూరుల్లో తయారు చేసింది. బిగించిన చేతులు మనవే గాని డ్రాయింగులు మనవి కావు. ఈ పూట మాట్లాడబోయేది ఈ తేడా గురించే.

ఇప్పుడు దేశం ఒక కొత్త తరం యుద్ధ విమానం తయారు చేసుకునే పనిలో ఉంది. దాన్ని ఆమ్కా అంటున్నారు. బెంగళూరులోని ఏరోనాటికల్ డెవలప్‌మెంట్ ఏజెన్సీ దీని డిజైను చూస్తోంది. రెండు ఇంజిన్లు, సుమారు 25 టన్నుల బరువు. శత్రువు రాడార్‌కు సులువుగా దొరక్కుండా ఒంటి తీరు మలుస్తారు. క్షిపణులను రెక్కల కింద వేలాడదీయకుండా పొట్టలో దాస్తారు. పైన రాడార్ తరంగాలను పీల్చుకునే పూత పూస్తారు. 2024 మార్చిలో కేంద్ర మంత్రివర్గ భద్రతా కమిటీ దీనికి దాదాపు 15,000 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. ఆ డబ్బుతో ఐదు నమూనా విమానాలు కట్టి ఎగరేసి చూపించాలి. వినడానికి పెద్ద మొత్తమే. అయితే 2016లో 36 రఫేల్ విమానాలు కొనడానికి మనం ఒప్పుకున్నది 59,000 కోట్ల దాకా ఉంది. కొనేటప్పుడు విప్పినంత ధారాళంగా, నేర్చుకునేటప్పుడు మనం మూట విప్పం. ఇది నా అభిప్రాయం, ఇంకొకరు కాదనవచ్చు.

అవసరం చూస్తే తక్కువేం లేదు. వాయుసేనకు 42 ఫైటర్ స్క్వాడ్రన్లు, అంటే యుద్ధ విమానాల దళాలు, ఉండాలని లెక్క. 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో చివరి మిగ్-21లకు వీడ్కోలు చెప్పాక మిగిలినవి 29. అందుకే చాలామంది అడుగుతుంటారు: అమెరికా ఎఫ్-35 అమ్ముతానంటోంది, రష్యా సుఖోయ్-57 ఇస్తానంటోంది, కొనేస్తే పోదా అని. 2025 ఫిబ్రవరిలో బెంగళూరు ఏరో ఇండియాకు ఆ రెండూ వచ్చాయి కూడా. పెళ్ళిచూపుల్లా జనం రెంటినీ తేరిపార చూశారు.

కొనడంలో ఉన్న చిక్కు టర్కీని అడిగితే తెలుస్తుంది. ఎఫ్-35 తయారీలో టర్కీ భాగస్వామి. డబ్బు పెట్టింది, విడిభాగాలు తయారు చేసి ఇచ్చింది. రష్యా నుంచి ఎస్-400 క్షిపణి వ్యవస్థ కొన్నందుకు 2019లో అమెరికా దాన్ని ఆ కార్యక్రమం నుంచే బయటికి పంపేసింది. అదే ఎస్-400 మన దగ్గరా ఉంది. ఇంతకుమించి చెప్పనక్కర్లేదు.

సరే, మనమే చేసుకుందాం. చేసుకోవడంలో అన్నిటికన్నా కష్టమైనది ఇంజిను. ఫైటర్ జెట్ ఇంజినులో ఇంధనం మండిన చోటు నుంచి వచ్చే వాయువు వేడి, దాని ఎదురుగా తిరిగే బ్లేడ్ల లోహం కరిగే ఉష్ణోగ్రత కంటే ఎక్కువ. అయినా బ్లేడు కరగకూడదు, సాగకూడదు, నిమిషానికి వేల చుట్లు తిరగాలి. అందుకోసం ఒక్కో బ్లేడునూ ఒకే స్ఫటికంగా, లోపల అతుకు గీత లేకుండా పోత పోస్తారు. దాని లోపల సన్నని దారులు పెట్టి చల్లగాలి పంపుతారు. ఆ పోత పోసే కిటుకు అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్, రష్యా లాంటి కొద్ది దేశాల చేతుల్లోనే ఉంది. ఈమధ్య చైనా కూడా ఆ వరసలో చేరింది. మన హైదరాబాదులో రక్షణ శాఖ లోహాల ప్రయోగశాల డి.ఎం.ఆర్.ఎల్. హెలికాప్టర్ ఇంజిను కోసం ఇలాంటి బ్లేడ్లు చేసి 2021లో మొదటి విడతగా 60 ఇచ్చింది. అది మంచి అడుగే. ఫైటర్ ఇంజినుకు ఇంకా చాలా దూరం నడవాలి.

ఈ ఇంజిను దగ్గర మనం కాలు జారడం కొత్త కాదు. 1956లో కుర్ట్ టాంక్ అనే జర్మన్ డిజైనర్‌ను బెంగళూరు పిలిపించుకుని మరుత్ అనే జెట్ తయారు చేశాం. 1961 జూన్ 17న సురంజన్ దాస్ దాన్ని మొదటిసారి ఎగరేశారు. స్వాతంత్ర్యం వచ్చి పదిహేనేళ్ళు కూడా నిండని దేశం సొంత ఫైటర్ ఎగరేసిందంటే చిన్న సంగతి కాదు. ధ్వనిని మించిన వేగం కోసం గీసిన ఒళ్ళు అది. దానికి తగిన ఇంజిను దొరకలేదు. మరుత్‌లో పెట్టింది బ్రిటన్ వాళ్ళ ఆర్ఫియస్ ఇంజిను. దానికి బలం పెంచిన రకం ఒకటి అక్కడ ఉండేది. దాన్ని పూర్తి చేయడానికయ్యే ఖర్చు మనం పెట్టుకోలేదు. ఈజిప్టు సొంతంగా ఒక ఇంజిను చేసుకుంటోందని తెలిసి, మన మరుత్‌ను ఒకదాన్ని అక్కడికి పంపి ఆ ఇంజిను తగిలించి ఎగరేశారు కూడా. 1967 యుద్ధం తర్వాత ఈజిప్టు ఆ పని వదిలేసింది. చివరికి మరుత్ బలహీనమైన ఇంజిన్లతోనే బతికింది. 147 తయారయ్యాయి. 1971 పాకిస్తాన్ యుద్ధంలో రాజస్థాన్‌లోని లోంగేవాలా ప్రాంతంలో బాగా పోరాడాయి కూడా. తర్వాత దాని వంశం సాగలేదు. బెంగళూరులో ఆ డిజైను చేసిన మనుషులు ఒక్కొక్కరే రిటైరైపోయారు. చేతిలో మరో పని లేక, నేర్చిన విద్య వాళ్ళతోనే పోయింది. మళ్ళీ తేజస్ అనే సొంత ఫైటర్ మొదలుపెట్టేసరికి 1983.

తేజస్ కోసం కావేరి ఇంజిను 1989లో మంజూరైంది. అది అనుకున్న బలం ఇవ్వలేదు, బరువు పెరిగింది. 2008లో తేజస్ నుంచి దాన్ని విడదీశారు. కావేరిని తిట్టేవాళ్ళు చాలామందే ఉన్నారు. తిట్టేముందు ఒక సంగతి తెలుసుకోవాలి. ఆ ఇంజినును ఫైటర్లు ఎగిరేంత ఎత్తులో, అక్కడుండే పలచటి గాలిలో పరీక్షించే ఏర్పాటు మన దేశంలో లేదు. రష్యాకు తీసుకెళ్ళారు. 2010లో మాస్కో దగ్గర ఒక పెద్ద రవాణా విమానానికి తగిలించి మొదటిసారి గాల్లో నడిపారు. పని మొదలైన ఇరవై ఏళ్ళకు అది జరిగింది. పరీక్ష పెట్టే బడి లేకుండా పిల్లవాడు తప్పాడంటే ఎవరిని అనాలి?

ఇంజిను పరాయిదైతే ఏమవుతుందో స్వీడన్ కథ చెబుతుంది. 1970ల్లో వాయుసేన కోసం స్వీడన్ విగెన్ విమానం కొనాలని చూశాం. స్వీడన్ అమ్మడానికి సిద్ధం. దాని ఇంజిను మాత్రం అమెరికా డిజైను నుంచి వచ్చింది. 1978లో అమెరికా వీల్లేదంది. అంతే, బేరం పోయింది, మనం జాగ్వార్ కొన్నాం. మనం మాట్లాడుకున్నది ఒకరితో, కాదన్నది మరొకరు. ఇప్పుడు తేజస్‌లో ఉన్నదీ అమెరికన్ ఇంజినే. అది వేళకు రాక కొత్త తేజస్‌లు వాయుసేన చేతికి అందడం ఆలస్యమైంది.

మన నెల్లూరు, ప్రకాశం రొయ్యల రైతుకు ఇది కొత్తగా చెప్పాల్సిన పాఠం కాదు. గుంట మనది, నీళ్ళు మనవి, మేత మనది, రాత్రంతా ఏరియేటర్ల దగ్గర కాపలా మనది. వనామీ రకం రొయ్యకు అనుమతి వచ్చిన 2009 నుంచీ తల్లి రొయ్య మాత్రం విమానమెక్కి అమెరికా నుంచో మరో చోటి నుంచో చెన్నైలో దిగాలి. అక్కడ క్వారంటైన్‌లో ఉంచి, హేచరీకి పంపితేనే మన గుంటలోకి పిల్ల. జెట్‌లో ఇంజిను ఆ తల్లి రొయ్య లాంటిది. పిల్లను కొనడం, తల్లిని పెంచడం నేర్చుకోవడం వేరువేరు వ్యాపారాలు.

అయితే భాగస్వాములే వద్దా? వద్దనడం గొప్పలకు పోవడమే అవుతుంది. ఒంటరిగా కూర్చుంటే ఇంకో ముప్పై ఏళ్ళు పడుతుంది. ఎవరితో, ఏ షరతు మీద అన్నదే చూసుకోవాలి. రష్యాతో కలిసి ఐదో తరం విమానం, అంటే ఆమ్కా లాంటిదే, చేద్దామని 2010లో ప్రాథమిక డిజైనుకు ఒప్పందం కుదుర్చుకున్నాం. మన వంతుగా 29 కోట్ల 50 లక్షల డాలర్లు పెట్టాం. 2018లో బయటికొచ్చాం. రాడార్‌కు దొరక్కుండా ఉండే స్టెల్త్ గుణం ఆ విమానానికి ఎంత ఉందన్న అనుమానాలొచ్చాయి, పనిలో మన వాటా ఎంత అన్న దగ్గర పేచీ తెగలేదు. వాళ్ళు అప్పటికే గీసేసిన విమానంలో మనం తర్వాత వెళ్ళి కూర్చున్నాం, అదీ అసలు చిక్కు. యూరపు వాళ్ళకూ ఈ గొడవలు తప్పలేదు. ఫ్రాన్స్, జర్మనీ, స్పెయిన్ కలిసి చేస్తున్న కొత్త ఫైటర్‌లో పెత్తనం ఎవరిదన్న తగువు ఏళ్ళుగా నడుస్తోంది. బ్రిటన్, ఇటలీ, జపాన్ 2022 డిసెంబరులో వేరే కుంపటి పెట్టుకున్నాయి, 2035కి విమానం తెస్తామంటున్నాయి. 1985లో ఫ్రాన్స్ యూరో ఫైటర్ కూటమి నుంచి అలిగి వచ్చేసి రఫేల్ చేసుకుంది. అలిగినా చెల్లింది, ఎందుకంటే సొంత ఇంజిను చేసుకునే సత్తా దానికుంది.

మనకూ ఒక కలిసొచ్చిన పొత్తు ఉంది. బ్రహ్మోస్ క్షిపణికి 1998లో రష్యాతో ఒప్పందం చేసుకున్నప్పుడు మన వాటా 50.5 శాతం, వాళ్ళది 49.5. ఇద్దరూ తలా ఒకటి తెచ్చి పెట్టారు. ఇంజిను వాళ్ళది, గమనం చూసే వ్యవస్థ, సాఫ్ట్‌వేర్ మనవి. 2022లో ఫిలిప్పీన్స్‌కు అమ్మేదాకా వచ్చింది. ఏమీ తేని వాడికి పొత్తులో మాట చెల్లదు. అందుకే 1998లో పోఖ్రాన్ అణు పరీక్షల తర్వాత జరిగింది నాకు మంచే అనిపిస్తుంది. తేజస్‌ను కంప్యూటరుతో నడిపే వ్యవస్థ కోసం అమెరికాలో పనిచేస్తున్న మన ఇంజినీర్లను ఆంక్షల పేరుతో పంపేశారు, సామగ్రి అక్కడే ఉండిపోయింది. తేజస్ పథకాన్ని నడిపించిన కోట హరినారాయణ నాయకత్వంలో ఆ పని ఇక్కడే పూర్తి చేశారు. 2001 జనవరి 4న తేజస్ ఎగిరింది. ఈరోజు ఆ సాఫ్ట్‌వేర్ కోసం ఎవరి గడపా తొక్కనక్కర్లేదు.

ఆమ్కాలో మొదటి విమానాలకు అమెరికా జి.ఇ. ఎఫ్-414 ఇంజిన్లు వాడతారు. తర్వాతి వాటికి ఇంకా బలమైన ఇంజినును ఫ్రాన్స్‌కు చెందిన సఫ్రాన్ కంపెనీతో కలిసి ఇక్కడే చేస్తామని 2025 ఆగస్టులో రక్షణ మంత్రి ప్రకటించారు. రఫేల్ ఇంజిను చేసింది వాళ్ళే. 1998లో ఆంక్షల జోలికి పోని దేశం ఫ్రాన్స్. నా మటుకు ఈ ఎంపిక సబబే. విమానం కట్టే పని కూడా హెచ్.ఏ.ఎల్. ఒక్కదానికే రాసివ్వకుండా ప్రైవేటు కంపెనీలు పోటీ పడే పద్ధతికి 2025 మేలో ఒప్పుకున్నారు. అదీ మంచిదే.

ఇందులో మన జిల్లాలకేం వస్తుందని అడిగేవాళ్ళుంటారు. దొనకొండలో రెండో ప్రపంచ యుద్ధం నాటి రన్‌వే ఉంది. అక్కడ ఏదో వస్తుందని చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాం, ఇప్పుడు క్షిపణుల ఫ్యాక్టరీ మాట వినబడుతోంది. నెల్లూరు దగ్గర బొడ్డువారిపాలెంలో విమానాలకు పనికొచ్చే అల్యూమినియం మిశ్రమ లోహాలు చేస్తామని ప్రభుత్వ లోహ కంపెనీలు నాల్కో, మిధాని కలిసి 2019లో కంపెనీ పెట్టాయి. శిలాఫలకాల సంగతి నేను మాట్లాడను. మనుషుల సంగతి వేరు. ఆత్మకూరు దగ్గర మహిమలూరులో పుట్టిన సతీష్ రెడ్డి క్షిపణులకు దారి చూపే వ్యవస్థల మీద పనిచేసి, 2018 నుంచి 2022 దాకా రక్షణ పరిశోధన సంస్థ డి.ఆర్.డి.ఓ.కు ఛైర్మన్‌గా ఉన్నారు. మెటలర్జీ సీటు వస్తే మొహం ముడుచుకుని కంప్యూటర్ సీటు కోసం పరిగెత్తే పిల్లలు ఇంట్లో ఉంటే, ఆ బ్లేడు కథ ఒకసారి చెప్పండి.

సఫ్రాన్‌తో పూర్తి ఒప్పందం కాగితాల మీదికి వచ్చినప్పుడు పత్రికలు మొదటి పేజీలో ఎన్ని వేల కోట్లో పెద్ద అక్షరాల్లో వేస్తాయి. నేను వెతికేది వేరే నాలుగు విషయాలు. ఆ ఇంజిను డిజైను మీద హక్కు ఎవరి పేరున ఉంది. బ్లేడు పోత ఏ ఊళ్ళో పోస్తారు. మూడో దేశానికి అమ్మాలంటే పారిస్‌ను అడగాలా. ఎత్తులో పరీక్షించే ఏర్పాటు మన నేల మీద ఎప్పటికి కడతారు. వీటిలో చివరిది ఫ్రాన్స్ చేతిలో లేదు, ఢిల్లీ చేతిలోనే ఉంది. దానికి ఇంజిను దాకా ఆగనక్కర్లేదు, రేపే మొదలుపెట్టవచ్చు.

సెలవు.