న్యూ లానార్క్ మిల్లు, మధ్యలో ఆసు

శ్రీలత: నమస్తే అందరికీ. ఈసారి స్కాట్లాండ్‌లో నేను చూసొచ్చిన న్యూ లానార్క్ గురించి. పాత నూలు మిల్లు, దాని పక్కనే కార్మికుల ఊరు.



గ్లాస్గో నుంచి రైల్లో లానార్క్ వెళ్ళి, లోయలోకి దిగితే క్లైడ్ నది ఒడ్డునే మిల్లులు. 1786లో వడకడం మొదలైంది, 1968లో మూతపడింది. 2001లో యునెస్కో గుర్తింపు వచ్చింది. ఆ ఇళ్ళల్లో ఇప్పటికీ కాపురాలున్నాయి.

నరేష్: అక్కడ నీళ్ళ చక్రాలతో యంత్రాలు తిరిగేవి. మా చేనేత ఊరు పుట్టపాకలో ఆసు పోయాలంటే, అదే, చీర నేసే ముందు నూలును మేకుల చుట్టూ తిప్పి అమర్చాలంటే...

శ్రీలత: వచ్చేసింది ఆసు!

నరేష్: రాదా మరి? ఒక్క చీరకు వేలసార్లు చెయ్యి అటూ ఇటూ తిప్పాలి. 1999లో నేతన్న చింతకింది మల్లేశం ఆసు మిషన్ చేసేదాకా మా పెద్దమ్మ భుజం నొప్పిని ఎవరూ పట్టించుకోలేదు.

శ్రీలత: అందుకే ఓవెన్ నాకు నచ్చాడు. 1800లో రాబర్ట్ ఓవెన్ చేతికి మిల్లు వచ్చాక పదేళ్ళలోపు పిల్లల్ని పనిలోకి తీసుకోవడం మాన్పించాడు, బడి పెట్టాడు, సరుకులు చౌకగా దొరికే దుకాణం పెట్టాడు.

నరేష్: మరి ఆ చెక్క ముక్కలు?

శ్రీలత: సైలెంట్ మానిటర్. ఒక్కొక్కరి దగ్గర నాలుగు రంగుల చెక్క వేలాడేది. నిన్న పని బాగా చేస్తే తెలుపు, చెడగొడితే నలుపు బయటికి తిప్పేవారు. తిట్టడం, కొట్టడం లేకుండా.

నరేష్: నలుగురిలో నల్లరంగు తగిలించుకుని రోజంతా నిలబడటం దెబ్బ కాదా? మంచి యజమానే, ఒప్పుకుంటా. కానీ రంగు తిప్పే హక్కు ఎప్పుడూ పైవాడిదే.

శ్రీలత: ఆ రోజుల్లో మిగతా మిల్లుల్లో పిల్లల్ని కొట్టి పనిచేయించేవాళ్ళన్నా! దాంతో పోల్చి చూడు.

నరేష్: దేనితో పోల్చినా, మగ్గం ముందు కూర్చున్న మనిషిని అడిగారా అన్నదే నా ప్రశ్న. మల్లేశం వాళ్ళమ్మ కష్టం కళ్ళారా చూశాడు.

శ్రీలత: ...అది నిజమే. సర్లే, టికెట్ సంగతి చెప్పనీ. ఊళ్ళో తిరగడం ఉచితమే, మ్యూజియంకే టికెట్. పాత యంత్రం మీద ఉన్ని నూలు వడుకుతూ చూపిస్తారు.

నరేష్: నూలు చుట్టుకునే కండె ఎవరు మారుస్తున్నారు? ఆడవాళ్ళేనా?

శ్రీలత: అన్నా, టైమైపోయింది!