మూడు వేల మంది లెక్క

సభకు నమస్కారం.

ఆధునికోత్తర (పోస్ట్‌మోడర్న్) చారిత్రక నవల, అంటే చరిత్ర ఒకే నిజమన్న నమ్మకాన్ని ప్రశ్నించే నవల, పేరెత్తగానే, అది చరిత్రకూ కట్టుకథకూ మధ్య గీత చెరిపేసిందన్న అభియోగం వినిపిస్తుంది. దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. అందుకే ఈ పూట ఒకే ఒక్క ఘట్టాన్ని దగ్గరగా చూద్దాం.

1928 డిసెంబరు. కొలంబియాలోని సియెనాగా పట్టణంలో, అమెరికా సంస్థ యునైటెడ్ ఫ్రూట్ కంపెనీ అరటి తోటల కూలీలు సమ్మెలో ఉన్నారు. గుమిగూడిన జనం మీద సైన్యం కాల్పులు జరిపింది. మృతులు 47 మంది అన్నాడు సైన్యాధికారి జనరల్ కార్లోస్ కోర్తెస్ వర్గాస్. వెయ్యి దాటారని కంపెనీ ప్రతినిధి తనతో చెప్పినట్టు అమెరికా రాయబారి తన ప్రభుత్వానికి రాశాడు. చరిత్రకారులు నేటికీ ఒక అంకె మీదికి రాలేదు.

1967లో వచ్చిన కొలంబియా రచయిత గాబ్రియేల్ గార్సియా మార్క్వెజ్ నవల ‘వందేళ్ల ఏకాంతం’లోకి ఈ కాల్పులు వస్తాయి. జనరల్ తన అసలు పేరుతోనే నవలలో సంతకం పెడతాడు. సమ్మెకారులను కాల్చవచ్చునన్న ఆ ఉత్తర్వుకు నంబరు కూడా ఉంది: నాలుగు. ఆ తర్వాత దాదాపు 200 పెట్టెల రైలు, మూడు వేలకు పైగా శవాలు, సముద్రం వైపు ప్రయాణం. శవాల మధ్య కళ్లు తెరిచిన ఒక్కడు రైలు దూకి ఊరు చేరితే, ‘ఇక్కడ ఎవరూ చావలేదే’ అన్న జవాబే అతనికి ఎదురవుతుంది. కూలీలు తృప్తిగా ఇళ్లకు వెళ్లిపోయారన్నది ప్రభుత్వ ప్రకటన. అప్పుడు మొదలైన వాన నాలుగేళ్ల పదకొండు నెలల రెండు రోజులు ఆగదు.

ఇందులో పుక్కిటి పురాణం ఏది? వాన అనుకుంటాం. కానీ ఈ పుటల్లో అందరికన్నా ధైర్యంగా కథ అల్లింది ప్రభుత్వం. పురాణాల ప్రళయం లోకాన్ని ముంచితే, ఈ వాన సాక్ష్యాన్ని ముంచుతుంది. జరిగిన దాన్ని ఒక ఊరు ఊరంతా మరిచిపోవడం ఎంత అసహజమో చెప్పడానికి మార్క్వెజ్‌కు అంత అసహజమైన వానే కావలసి వచ్చింది. నివేదికల భాషలో ఆ మరుపును పట్టుకోవడం సాధ్యమయ్యేదని నేను అనుకోను.

చరిత్ర రచనలోనూ కథా నిర్మాణం ఉంటుందని అమెరికా చరిత్రకారుడు హేడెన్ వైట్ 1973లోనే వాదించాడు. అంతమాత్రాన అన్నీ కథలే అనేయడం సోమరితనం. పోర్చుగీసు రచయిత సరమాగో 1989 నవలలో ఒక ప్రూఫ్‌రీడర్ చరిత్ర పుస్తకంలోని వాక్యంలో ‘లేదు’ అన్న మాట చేరుస్తాడు. 1147 లిస్బన్ ముట్టడిలో పోర్చుగల్ రాజుకు క్రైస్తవ (క్రూసేడ్) యోధుల సాయం అందనట్టు అర్థం మారిపోతుంది. నిజానికి వాళ్లు సాయపడ్డారని పాఠకుడికి తెలియకపోతే అక్కడ ఆటే లేదు.

నన్ను కలవరపెట్టేది మరొకటి. మూడు వేలన్న అంకెను నవల కొలతకు తగ్గట్టు తానే పెంచానని మార్క్వెజ్ చెప్పుకున్నాడు. ఆ తర్వాత కొలంబియా సెనేట్‌లో ఒక వక్త, ఆ మూడు వేల మంది అమరుల కోసం నిమిషం మౌనం పాటించమని కోరాడట. మార్క్వెజ్ ఆత్మకథలోనే ఉంది ఈ సంగతి. కల్పించిన అంకెను సాక్ష్యంగా నిలబెడితే, కాల్పులను కప్పిపుచ్చే వాళ్లకు పని సులువవుతుంది: అంకె తప్పని రుజువు చేసి, మారణకాండే అబద్ధమంటారు. ఈ నవలను తరగతిలో చెప్పేవారు ఆ మూడు వేల పక్కనే 47నూ, రాయబారి రాసిన వెయ్యినీ కూడా ఉంచాలని, ఏది ఎవరు చెప్పారో విద్యార్థులచేత అడిగించాలని నా విన్నపం.